తాడు, సోల, పాత దస్తావేజు
(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు డి.ఎ. గురించో, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించో చెబుతానని కార్యదర్శి గారు అనుకొని ఉంటారు. వాటి గురించి నాకన్న బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారు. నేను ఇంట్లో మనవలకు మన ప్రాంతం చరిత్ర చెప్పబోయి పడిన పాట్లు మనవి చేస్తాను. ఈ రోజు డిసెంబరు 17. నకారా కేసులో 1982లో సుప్రీంకోర్టు ఇదే రోజున తీర్పు ఇచ్చింది కనుకనే మనమిక్కడ పండుగ చేసుకుంటున్నాం. ఆ నకారా గారి పేరు మన ఇళ్ళలో పిల్లలకు ఎందరికి తెలుసో చేతులెత్తమంటే మనందరం ఇబ్బంది పడతాం. కనుక ఎత్తమనను.

నేను తాలూకా కచేరీలో ఎల్.డి.సి.గా చేరి, రెవెన్యూ శాఖలోనే సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. ముప్ఫై ఆరేళ్ళు గోదావరి జిల్లా కాగితాల మధ్యనే బతికాను. మా అబ్బాయి హైదరాబాదులో ఉంటాడు. సెలవులకు వాడి పిల్లలిద్దరూ మా దగ్గరికి రాజమహేంద్రవరం వస్తారు. మనవరాలికి పదకొండేళ్ళు, మనవడికి ఎనిమిది. మూడేళ్ళ క్రితం వేసవిలో వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి రాజరాజ నరేంద్రుడి దగ్గర ఎత్తుకున్నాను. నన్నయ దగ్గరికి వచ్చేసరికి మనవడు నిద్రపోయాడు. రెడ్డిరాజుల దగ్గర మనవరాలు, "తాతయ్యా, ఇదంతా పరీక్షకు వస్తుందా?" అంది. రాదన్నాను. అయితే దోసకాయ తిని వస్తానని లేచి వెళ్ళిపోయింది. మా ఆవిడ లోపలినుంచి, "పాపం పిల్లలు, మీ కచేరీ నోట్ ఫైలు చదివినట్టు చదువుతున్నారు" అంది. అది నిజమే.

ఆ మర్నాడు పెరట్లో బట్టలారేసుకునే కొబ్బరితాడు పాతబడిందని విప్పుతుంటే నాకు తోచింది. తాడు నేలమీద పరిచి, "ఒక జానకు పాతికేళ్ళు. నా జానతో కొలవండి. వెయ్యేళ్ళు ఎన్ని జానలు?" అన్నాను. మనవడు నలభై అన్నాడు. ముప్ఫై అడుగుల తాడు పట్టింది. ఈ చివర ఈ రోజు, ఆ చివర నన్నయ. పాత చీర చింపి రంగు గుడ్డలు చేసి ఏ జానలో ఏది జరిగితే అక్కడ కట్టించాను. పిల్లవాడు ముందు తన గుడ్డ కట్టుకున్నాడు, చివరినుంచి నాలుగు వేళ్ళ దూరంలో. నా పుట్టుక మూడు జానల దగ్గర పడింది. అక్కడికి ఒక మెట్టు అవతల 1947. పాత హేవలాకు వంతెన మీద రైలు నడిచిన 1900 అయిదు జానలకు. వీరేశలింగం పంతులు గారు ఈ ఊళ్ళోనే తొలి వితంతు వివాహం జరిపించిన 1881 ఇంకొంచెం అవతల. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852 దాదాపు ఏడు జానలకు. చందుర్తి యుద్ధం 1758 ఇంచుమించు పదిన్నర జానలకు. శ్రీనాథుడు ఇక్కడి రెడ్డిరాజుల కొలువులో ఉన్న కాలం ఇరవై నాలుగు జానల దగ్గర. అక్కడినుంచి నన్నయ దాకా నేను కట్టించిన గుడ్డ ఒక్కటీ లేదు.

మనవడు ఆ ఖాళీ తాడు మీద నడుస్తూ, "ఇక్కడ మనుషులు లేరా?" అన్నాడు. ఉన్నారు, నాకే తెలియదు అని చెప్పాను. తాత తనకు తెలియదని ఒప్పుకోవడం వాడికి బాగా నచ్చింది. నాకంత నచ్చలేదు గాని, ఆ రోజునుంచి వాడు నిద్రపోలేదు.

ఇక ఆనకట్ట సంగతి. ఇది కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడే నాకు మొదటి దెబ్బ తగిలింది.

కరువు వచ్చింది, 1832-33లో నందన కరువన్నారు, డొక్కల కరువన్నారు, 1839లో కోరంగి మీద ఉప్పెన వచ్చింది, జనం నాశనమయ్యారు, అప్పుడు కాటన్ దొర వచ్చి నీళ్ళిచ్చాడు అని నేను చెబుతుండేవాణ్ణి. మన గోదావరి జిల్లాల్లో అందరం చెప్పేది అదే. పిల్లలతో పెరట్లో ఇసుక కుప్ప మీద ఏటవాలుగా ఏరు తవ్వించాను. పైన మా మనవడు బిందెతో నీళ్ళు పోస్తుంటాడు. ఇటుక ముక్కలతో అడ్డంగా గోడ కట్టమన్నాను. కట్టారు. నీళ్ళు వదిలితే రెండు నిమిషాల్లో గోడ కింద ఇసుక జారిపోయి ఇటుకలు ఒకదాని మీద ఒకటి కూలాయి. మళ్ళీ కట్టారు. మళ్ళీ కూలింది. గోడ లావు పెంచితే ఇంకా ముందే కూలింది.

అప్పుడు మనవరాలు అడిగింది: "గోదావరి అడుగునా ఇసుకేగా తాతయ్యా? మరి కాటన్ గారిది ఎందుకు పడిపోలేదు?"

ముప్ఫై ఆరేళ్ళు ఆ నీళ్ళ మీద శిస్తు లెక్కలు రాసిన నాకు జవాబు తెలియదు. రెండు రోజులు లైబ్రరీలో కూర్చున్నాను. తెలిసిందేమంటే, కాటన్ ఇక్కడికి రాకముందు తంజావూరు వైపు పనిచేశాడు. 1836లో కొల్లిడం మీద అడ్డుకట్టలు వేయించాడు. అక్కడ కావేరి మీద కరికాల చోళుడు కట్టించాడని చెప్పే కల్లణై ఉంది. లోతు తెలియని వదులు ఇసుకలో పునాది నిలబెట్టడం ఎలాగో ఆ పాతకాలపు మన పనివాళ్ళ దగ్గరే నేర్చుకున్నామని కాటన్ స్వయంగా రాశాడు. ఇసుకలో నూతులు దింపి, వాటిని నింపి, వాటి మీద కట్టడం లేపి, దిగువన రాతి పరుపు పరచడం ఆ పద్ధతి. రాయి ధవళేశ్వరం కొండదే. 1847లో మొదలై 1852కి పూర్తయింది. వేలమంది కూలీలు పనిచేశారు. దొర పేరుతో విగ్రహాలు ఊరూరా ఉన్నాయి. ఉండవలసిందే. ఆ కూలీల పేర్లు మాత్రం నా కంటబడలేదు.

ఇంటికి వచ్చి పిల్లలకు చెబితే, మనవరాలు వంటింట్లో కొబ్బరి చిప్పలు నాలుగు తెచ్చి ఇసుకలో దింపింది. లోపల గులకరాళ్ళు నింపింది. వాటి మీద ఇటుక ముక్కలు పేర్చి, దిగువన చిన్న రాళ్ళు ఏటవాలుగా పరిచింది. మనవడు బిందె వంచాడు. నిలిచింది. నీళ్ళు గోడ దగ్గర ఎత్తుకొని పక్కకు వేలితో గీసిన కాలువలోకి పోతుంటే మా ఆవిడ కూడా వచ్చి చూసింది. ఆనకట్ట అంటే నీళ్ళు దాచే చెరువు కాదు, కిందుగా పోయే ఏటిని కాలువ ఎత్తుకు లేపే గట్టు అని నేను చెప్పనక్కరలేకుండానే వాళ్ళకు తెలిసింది. ఆ పిల్ల వెంటనే, "అయితే కాటన్ గారికి నేర్పినవాళ్ళకి ఎవరు నేర్పారు?" అంది. దానికి నా దగ్గర తాడు చాల్లేదు.

తర్వాత ఒక ఆదివారం ధవళేశ్వరం నుంచి విజ్జేశ్వరం దాకా వెళ్ళాం. పాత ఆనకట్ట స్థానంలో వచ్చిన బ్యారేజీ 1982లో జాతికి అంకితమైంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు భుజాలకూ కలిపి గేట్లు 175. చెప్పకుండా పిల్లలనే లెక్కపెట్టమన్నాను. మనవడికి 171 వచ్చాయి, మనవరాలికి 178. ఇద్దరూ పోట్లాడుకున్నారు. కాటన్ మ్యూజియంలో అడిగి తేల్చుకున్నారు. లాకుల దగ్గర పడవ ఎలా పైకి లేస్తుందో అర్థం కాలేదంటే, ఇంటికి వచ్చి సగానికి కోసిన ప్లాస్టిక్ గొట్టంలో రెండు అట్టముక్కలు తలుపులుగా పెట్టి కాగితం పడవ ఎక్కించాం. ఒకప్పుడు కాకినాడలో పడవెక్కితే కాలువల మీదుగానే మద్రాసు చేరవచ్చునని చెబితే, ఇప్పుడెందుకు వెళ్ళలేమని అడిగారు. రైలూ లారీ వచ్చాక కాలువలో పూడిక తీసే నాథుడు లేడన్నాను.

ఈ సందర్భంలోనే ఒక పద్ధతి పడింది. గోదావరిలో స్నానం చేసే పండితులు సంకల్పంలో కాటన్ పేరు చెప్పేవారట అని నేనన్నాను. ఇది మీరందరూ విన్న కథే. మా మనవరాలు, "నువ్వు విన్నావా తాతయ్యా?" అంది. నా చెవులతో నేనెప్పుడూ వినలేదు. చెప్పినవాళ్ళను విన్నాను. అప్పుడా పిల్ల ఒక నోటుబుక్కులో మూడు గళ్ళు గీసింది: చూసినది, కాగితంలో ఉన్నది, ఎవరో చెప్పినది. ఇకమీదట తాతయ్య ఏం చెప్పినా ముందు ఏ గడిలోదో చెప్పాలి. ఆఫీసులో నా పైఅధికారులు కూడా నన్నింత నిలదీయలేదు. రాజమహేంద్రవరం గురించి నేను చెప్పే మాటల్లో ముప్పాతిక భాగం మూడో గడిలో పడ్డాయి.

కొలతల సంగతి త్వరగా చెబుతాను, మీ అందరికీ తెలిసినదే. మా అమ్మ వాడిన ఇత్తడి సోల, తవ్వ, మానిక అటకమీద ఉన్నాయి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. ఊరూరికీ కొంత తేడా ఉండేది. బియ్యం పోసి కొలిచి చూడమంటే వంటింటి నేలంతా బియ్యమే. మా ఆవిడ కోపం వర్ణించను. డబ్బుల దగ్గర రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేనాటికి నాకు ఏడేళ్ళు. బేడ, పావలా, అర్ధణా, కానీ ఎలా ఉండేవో దాచుకున్న బిళ్ళల మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దించాను. ఈ అణాల లెక్కే తర్వాత నా మెడకు చుట్టుకుంది.

కోనసీమలో మా ఊరి ఇంట్లో పెట్టె అడుగున మా తాతగారి కాలం దస్తావేజు ఒకటి ఉండేది. 1933 నాటి క్రయ దస్తావేజు. ఎకరం ఇరవై సెంట్ల పల్లం. గుమస్తా బుద్ధి కదా, పిల్లలకు పటం గీయడం నేర్పించడానికి ఇంతకన్న మంచి సాధనం లేదనుకున్నాను. జిరాక్సు తీసి ఇచ్చి, "తూర్పు హద్దు ఏమని ఉంది, పడమర ఏమని ఉంది, చదివి గీయి" అన్నాను. ఆ గొలుసుకట్టు రాత చదవడానికే రెండు రోజులు పట్టింది. పడమర సర్కారు పంటకాలువ. తూర్పు డొంక. ఉత్తరం, దక్షిణం ఫలానావారి భూములు. పిల్ల గడులు కొట్టి చక్కగా గీసింది. ఆ పంటకాలువ ధవళేశ్వరం నీరేనని గుర్తుపట్టి నీలం రంగు కూడా వేసింది.

అంతవరకూ బాగుంది. ఆ పొలం మా తాతగారు కష్టపడి కొన్నారని చిన్నప్పటినుంచి వింటూ వచ్చాను. నా చదువు దాని పంటమీదే అయింది. పిల్లలకూ అదే చెప్పాను. మనవరాలు దస్తావేజు చివరిదాకా చదివింది. అందులో ఏముందంటే, అమ్మినతను తన కుమార్తె వివాహ నిమిత్తమూ, శిస్తు బకాయి నిమిత్తమూ మా తాతగారి దగ్గర చేసిన అప్పు అసలు, వడ్డీ కింద జమకట్టుకోగా, రొక్కంగా చేతికి ముట్టినది రు. 11-6-0. కింద అతని వేలిముద్ర.

"పదకొండు రూపాయల ఆరణాలు" అంది ఆ పిల్ల. అణాల లెక్క నేను నేర్పిందే కదా. "అంతేనా తాతయ్యా? ఎకరం ఇరవై సెంట్లకి?"

అంతే కాదు, బాకీ కూడా చెల్లిందిగా అన్నాను. బాకీ ఎంత, వడ్డీ ఎంత అని అడిగింది. కాగితంలో ఉంది. లెక్క కట్టింది. వడ్డీయే అసలును దాటింది. అప్పుడు నాకు తెలిసిన చరిత్ర చెప్పక తప్పలేదు. 1930 తర్వాత ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. ధాన్యం ధర పడిపోయింది. ధర పడినా సర్కారుకు కట్టే శిస్తు రూపాయల్లో అంతే ఉంటుంది, షావుకారు వడ్డీ అంతే ఉంటుంది. నిన్న పది కుంచాలమ్మి కట్టిన శిస్తుకు ఇవాళ ఇరవై కుంచాలు అమ్మాలి. రైతుల బాకీలు తగ్గించే చట్టం మద్రాసు రాజధానిలో 1938లో గాని రాలేదు. ఈ దస్తావేజు అయిదేళ్ళు ముందుది. ఇదంతా చెప్పాక ఆ పిల్ల ఒకటే అడిగింది: "అయితే మన తాతగారు షావుకారా?"

మా ఆవిడ, "పిల్లలతో ఈ పాత కాగితాలు ఎందుకండీ" అంది. రాత్రి ఫోనులో మా అబ్బాయి, "నాన్నా, ఎప్పటివో ఇప్పుడు తవ్వడం దేనికి? ఆ పొలం కూడా మనకు లేదుగా" అన్నాడు. నిజమే, లేదు. 1998లో మా అమ్మాయి పెళ్ళికి నేనే అమ్మాను. ఆ మాట మనవరాలు పక్కనుండి విన్నది. "నువ్వూ పెళ్ళికే అమ్మావా తాతయ్యా?" అంది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

దస్తావేజు మళ్ళీ పెట్టెలో పెట్టేద్దామని ఒక మనసు. కాని పెట్టేస్తే ఆ మూడు గళ్ళ నోటుబుక్కు మొహం ఎలా చూడను? అమ్మినతని మనవడు ఊళ్ళోనే ఉన్నాడు. నాకన్న రెండేళ్ళు పెద్ద. ఒకే బడిలో చదివాం. అతను నాలుగో తరగతితో ఆపేసి కొబ్బరి ఒలుపు పనిలోకి వెళ్ళాడు. డెబ్బై ఏళ్ళుగా ఎదురుపడితే పలకరించుకుంటున్నాం గాని ఈ చేను మాట ఇద్దరిలో ఎవరమూ ఎత్తలేదు. పిల్లను తీసుకొని అతని ఇంటికి వెళ్ళాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక కాసేపు కొబ్బరి ధర గురించి మాట్లాడాను. మనవరాలే పటం తీసి అతని చేతిలో పెట్టింది.

అతను చాలాసేపు చూశాడు. "ఆ చేను సంగతాండి? మా అమ్మ చెబుతుండేదండి. వరి కోత రోజుల్లో అటు చూసేది కాదు" అన్నాడు. తర్వాత పటం మీద వేలు పెట్టి, "ఇక్కడ కాలవ గట్టుమీద తుమ్మచెట్టుండేదండి, అది రాయలేదే" అన్నాడు. దస్తావేజులో చెట్టు లేదు. ఆ చెట్టు కిందే వాళ్ళ తాత అన్నం తినేవాడట. నేను ఏదో అనబోయాను. ఏమనాలో నాకే తెలియదు. అతనే, "మీరేం చేశారండి, అప్పటికి మనిద్దరం పుట్టనేలేదుగా" అని పిల్లకు కొబ్బరిబొండం కొట్టి ఇచ్చాడు. వాళ్ళింటి గోడమీద 1986 ఆగస్టు వరద గుర్తు ఇంకా ఉంది. ఆ ఏడు ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. పిల్ల గోడకు ఆనుకొని నిలబడితే గుర్తు తలకు రెండు జానలు పైన ఉంది. అదీ నోటుబుక్కులో మొదటి గడిలో రాసుకుంది.

తుమ్మచెట్టును మాత్రం మూడో గడిలో రాసి, పటం మీద కూడా వేసింది. చేను మధ్యలో మా తాతగారి పేరు ఒక్కటే ఉండేది. దాని పైన అమ్మినతని పేరు రాసింది, దస్తావేజులో ఉన్నట్టే పూర్తిగా, తండ్రి పేరుతో సహా. తిరిగి వచ్చాక తాడు మీద మూడున్నర జానలు దాటిన చోట ఎర్రగుడ్డ కట్టింది. మనవడు అదేమిటని అడిగితే వాడికి తనే చెప్పుకుంది. నేను పక్క గదిలోంచి విన్నాను. తప్పుల్లేకుండా చెప్పింది. నేను చెప్పి ఉంటే కొంత తగ్గించి చెప్పేవాణ్ణి.

ఎవరైనా ఇలాంటివి చేయదలిస్తే రెండు మాటలు. అసలు దస్తావేజు పిల్లల చేతికివ్వకండి, జిరాక్సు ఇవ్వండి. అసలు పోయిందంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలు కోసం తిరగడం ఎంత పనో మనకు తెలుసు. గోదావరి ఒడ్డుకు పిల్లలతో వెళ్ళేటప్పుడు వరద రోజులు కాకుండా చూసుకోండి. ధవళేశ్వరంలో పది లక్షల క్యూసెక్కులకే మొదటి హెచ్చరిక ఇస్తారు, అది చూడముచ్చటగా ఉంటుందని మెట్లు దిగవద్దు. పెరట్లో ఇసుక లేనివారు ప్లాస్టిక్ టబ్బులో చేసుకోవచ్చు. కొబ్బరి చిప్పలు మాత్రం ఉండాలి.

ఏడాదికోసారి బతికే ఉన్నామని కాగితం ఇచ్చేవాళ్ళం మనం. ఎవరి పెట్టెలో ఏముందో నాకు తెలియదు. మా కొబ్బరితాడు, సోల, తవ్వ, మానిక, ఆ పటం అటుపక్క బల్లమీద పెట్టాను. మా మనవరాలు కూడా వచ్చింది, అక్కడే ఉంటుంది. పిల్లలు ముట్టుకొని చూడవచ్చు. మానిక మాత్రం జాగ్రత్తగా పట్టుకోండి, అడుగు కొంచెం వదులైంది.